లెసిథిన్ విషం కాదు. అది దేని నుంచి వచ్చిందో మాత్రం పొట్లంపై తెలుగులో ఉండాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. బిస్కెట్, చాక్లెట్, ఐస్‌క్రీమ్ పొట్లాల మీద ఉండే కొన్ని అంకెలను వరుసగా పేర్చి, ఇవన్నీ పంది కొవ్వుతో చేసినవే కాబట్టి కొనవద్దని హెచ్చరించే సందేశమొకటి ఏళ్ల తరబడి ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు ప్రయాణిస్తూనే ఉంది. ఆ జాబితాలో 322 కూడా ఉంటుంది. అది లెసిథిన్‌కు ఇచ్చిన సంఖ్య. ఈ మధ్య దానికి తోడు, లెసిథిన్ పేగులను పాడుచేసే రసాయనమని చెప్పే చిన్న వీడియోలూ, అదే లెసిథిన్‌ను గుళికలుగా చేసి జ్ఞాపకశక్తికి దివ్యౌషధమని అమ్మే ప్రకటనలూ పక్కపక్కనే కనిపిస్తున్నాయి. ఆహార రసాయన శాస్త్రాన్ని బోధించి పదవీ విరమణ చేసిన వ్యక్తిగా, ఈ భయానికీ ఆ ఆశకూ రెండింటికీ ఆధారం లేదని, అయితే వీటి వెనుక నిజంగా పట్టించుకోవలసిన విషయమొకటి మరుగున పడిపోతున్నదని మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను.

లెసిథిన్ అనేది ఒకే పదార్థం కాదు. ఫాస్ఫోలిపిడ్‌లు అనే కొవ్వు జాతి పదార్థాల మిశ్రమం అది. వాటిలో ముఖ్యమైనది ఫాస్ఫాటిడిల్ కోలిన్. ఫ్రాన్స్‌కు చెందిన థియోడోర్ గోబ్లే అనే ఔషధ శాస్త్రవేత్త 1840లలో కోడిగుడ్డు పచ్చసొన నుంచి దీన్ని మొదటిసారి వేరుచేశారు. మొక్కలోనైనా జంతువులోనైనా మనిషిలోనైనా ప్రతి కణం చుట్టూ ఉండే పలుచని త్వచం ప్రధానంగా ఈ ఫాస్ఫోలిపిడ్‌లతోనే ఏర్పడుతుంది. కాబట్టి మన పళ్లెంలోకి వచ్చే పప్పులోనూ, వేరుశనగలోనూ, గుడ్డులోనూ, మాంసంలోనూ ఇది సహజంగానే ఉంటుంది. గానుగ నుంచి తెచ్చిన నూనె నాలుగు రోజులు కదపకుండా ఉంచితే అడుగున చేరే మడ్డిలో ఈ పదార్థాలు కొంత పాలు ఉంటాయి. ఆ నూనెలో గారెలు వేయిస్తున్నప్పుడు నురగ ఎక్కువగా పొంగడానికి ఒక కారణం కూడా ఇవే.

నూనె మిల్లుల్లో లెసిథిన్ తయారయ్యే తీరు ఇదే సంగతిని పెద్ద ఎత్తున వాడుకోవడమే. శుద్ధి చేయని సోయా నూనెలో ఫాస్ఫోలిపిడ్‌లు సుమారు నూటికి ఒకటి నుంచి మూడు పాళ్ల వరకు ఉంటాయి. వేడి నూనెలో కొద్దిగా నీరు కలిపితే అవి నీటిని పీల్చుకొని జిగురుగా ఉబ్బి నూనె నుంచి విడిపోతాయి. ఆ జిగురును వేగంగా తిరిగే యంత్రంలో వేరుచేసి, తక్కువ పీడనంలో తేమను ఆరబెడితే తేనె రంగులో, చిక్కగా ఉండే లెసిథిన్ మిగులుతుంది. 1920ల కాలంలో జర్మనీలోని హాంబర్గ్‌లో ఈ పద్ధతి పారిశ్రామిక రూపం దాల్చే వరకు నూనె శుద్ధి చేసేవారికి ఆ జిగురు ఒక తలనొప్పి మాత్రమే. ఇందులో పంది కొవ్వు ప్రమేయం ఎక్కడా లేదు. నేడు బజారులో దొరికే లెసిథిన్‌లో అత్యధిక భాగం సోయాదే. ఆ తరువాత పొద్దుతిరుగుడు, రేప్‌సీడ్ గింజలవి వస్తాయి. గుడ్డు నుంచి తీసిన లెసిథిన్ ఖరీదైనది కావడం వల్ల ఎక్కువగా మందుల తయారీకి పరిమితమవుతుంది.

దీన్ని ఆహారంలో ఎందుకు కలుపుతారన్న ప్రశ్నకు చాక్లెట్ కంటే మంచి ఉదాహరణ లేదు. లెసిథిన్ అణువుకు ఒక కొస నీటి వైపు, మరో కొస కొవ్వు వైపు మొగ్గుతాయి. కరిగిన చాక్లెట్ అంటే కోకో వెన్నలో తేలుతున్న అతి సన్నని చక్కెర, కోకో రేణువుల గుంపు. చక్కెర నీటిని కోరుకునేదే కాని కొవ్వును కాదు. అందువల్ల రేణువులు ఒకదానికొకటి అతుక్కుపోయి ముద్ద బిగుసుకుంటుంది, అచ్చుల్లో సరిగా పోదు. నూటికి 0.3 నుంచి 0.5 పాళ్లు లెసిథిన్ కలిపితే అది ప్రతి చక్కెర రేణువునూ పైపూతలా చుట్టుకొని, రేణువులు కొవ్వులో జారిపోయేలా చేస్తుంది. అంత పలుచబరచడానికి లెసిథిన్‌కు బదులు కోకో వెన్నే వాడాలంటే దాదాపు పది రెట్లు కావాలి. ఇక్కడ గమనించదగిన విషయం మరొకటి ఉంది. 0.5 పాళ్లు దాటాక ఇంకా కలిపితే చాక్లెట్ పలుచబడడానికి బదులు మళ్లీ బిగుసుకోవడం మొదలవుతుంది. అంటే తయారీదారుకు ఎక్కువ కలపాలన్న ఆశ ఉండే అవకాశమే లేదు. పదార్థమే తన హద్దును తాను గీసుకుంటుంది.

పాలపొడి నీటిలో ఉండలు కట్టకుండా వెంటనే కలిసిపోవడానికి పొడి రేణువుల మీద లెసిథిన్‌ను సన్నగా పిచికారీ చేస్తారు. వెన్నకు బదులు వాడే మార్గరిన్‌ను పెనం మీద వేసినప్పుడు అందులోని నీటి బొట్లు ఒక్కసారిగా పేలి చిటపటలాడకుండా చూడడం దీని మరో పని. బ్రెడ్డు పిండి సాగడానికి, ఐస్‌క్రీమ్ నునుపుగా రావడానికి, గుడ్డు లేని కేకు పిండిలో నూనె, నీరు విడిపోకుండా ఉండడానికి కూడా దీన్ని వాడతారు.

ఇక భద్రత సంగతి. ఆహార సంకలితాలపై, అంటే ఆహారంలో అదనంగా కలిపే పదార్థాలపై, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కలిసి ఏర్పాటు చేసిన నిపుణుల సంఘం 1973లోనే లెసిథిన్‌ను పరిశీలించి, రోజుకు ఇంతకు మించరాదన్న పరిమితి పెట్టవలసిన అవసరం లేదని తేల్చింది. అమెరికాలో ఇది సాధారణంగా సురక్షితమని గుర్తించిన పదార్థాల పట్టికలో ఉంది. యూరోపియన్ ఆహార భద్రత సంస్థ పాత, కొత్త సమాచారాన్నంతటినీ తిరగదోడి 2017లో ఏడాది వయసు దాటిన వారందరి విషయంలో, 2020లో పదహారు వారాల లోపు శిశువుల ఆహారం విషయంలో కూడా ఆందోళన చెందవలసిన పని లేదని ప్రకటించింది. అదే సమయంలో సీసం, పాదరసం, ఆర్సెనిక్ వంటి మలినాల పరిమితులను మరింత కఠినం చేయాలని సూచించింది. ఈ రెండో భాగాన్ని కూడా చెప్పాలి. ఒక పదార్థం సురక్షితమంటే దాన్ని ఎలా తయారుచేసినా సురక్షితమేనని అర్థం కాదు. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఆహారంలో వాడే లెసిథిన్‌లో అసిటోన్‌లో కరగని పదార్థం (ప్రధానంగా ఫాస్ఫోలిపిడ్‌లే) నూటికి 60 పాళ్లకు తగ్గకూడదు, కొవ్వు ఎంత పాడైందో తెలిపే పెరాక్సైడ్ విలువ 10కి మించకూడదు, సీసం కిలోకు 2 మిల్లీగ్రాములు దాటకూడదు. సురక్షితమన్న మాట ఈ కొలతలకు నిలిచిన సరుకుకే వర్తిస్తుంది.

పరిమాణాలను ఒకసారి పోల్చి చూడండి. నలభై గ్రాముల చాక్లెట్‌లో 0.5 పాళ్ల చొప్పున లెసిథిన్ ఉందనుకుంటే అది 200 మిల్లీగ్రాములు. ఒక కోడిగుడ్డు పచ్చసొనలో సహజంగా ఉండే ఫాస్ఫోలిపిడ్‌లు సుమారు ఒకటిన్నర గ్రాములు, అంటే ఆ చాక్లెట్‌లోని దానికి ఏడు రెట్లకు పైమాటే. అంతకంటే ముఖ్యంగా, మన కాలేయమే పిత్తరసం ద్వారా ప్రతిరోజూ అనేక గ్రాముల ఫాస్ఫాటిడిల్ కోలిన్‌ను పేగుల్లోకి పంపుతుంది. తిన్న కొవ్వు జీర్ణం కావడానికి అది తప్పనిసరి. ఆసుపత్రుల్లో నోటి ద్వారా ఆహారం తీసుకోలేని రోగులకు నరం ద్వారా ఎక్కించే తెల్లని కొవ్వు ద్రావణంలో నూనె, నీరు విడిపోకుండా పట్టి ఉంచేది గుడ్డు నుంచి తీసిన లెసిథినే. నేరుగా రక్తంలోకి పంపడానికి 1960ల నుంచి వైద్యులు వాడుతున్న పదార్థాన్ని పేరు చూసి విషమనడం న్యాయం కాదు.

పేగుల మీద ప్రభావం గురించిన భయానికి మాత్రం ఒక మూలం ఉంది, దాన్ని కొట్టిపారేయలేము. 2015లో వెలువడిన ఒక ప్రసిద్ధ పరిశోధనలో కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్, పాలిసార్బేట్ 80 అనే రెండు ఎమల్సిఫైయర్లను (నూనె, నీరు విడిపోకుండా కలిపి ఉంచే పదార్థాలను) ఎలుకలకు ఇచ్చినప్పుడు పేగు లోపలి జిగురు పొర దెబ్బతిని, స్వల్ప వాపు, బరువు పెరగడం కనిపించాయి. అది విలువైన పరిశోధన. కాని అందులో పరీక్షించినది ఆ రెండింటినే; లెసిథిన్‌ను కాదు. కార్బాక్సీ మిథైల్ సెల్యులోజ్‌ను మన శరీరం జీర్ణం చేసుకోలేదు, అది పెద్దపేగు దాకా అలాగే వెళుతుంది. లెసిథిన్‌ను మాత్రం క్లోమరసంలోని ఎంజైమ్‌లు చిన్నపేగులోనే విడగొడతాయి. ఎమల్సిఫైయర్ అన్నది ఒక పదార్థం చేసే పనిని తెలిపే మాట. ఒకే పని చేసే పదార్థాల గుణదోషాలు ఒకటే అయి ఉండవు.

గుండె జబ్బుల ప్రస్తావన కూడా తరచు వస్తుంది. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ పరిశోధకులు 2011లో, ఆ తరువాత 2013లో ప్రచురించిన అధ్యయనాల ప్రకారం ఫాస్ఫాటిడిల్ కోలిన్‌లోని కోలిన్‌ను పేగుల్లోని సూక్ష్మజీవులు ఒక వాయువుగా మార్చగా, కాలేయం దాన్ని టీఎంఏఓ అనే పదార్థంగా చేస్తుంది. రక్తంలో అది ఎక్కువగా ఉన్నవారిలో గుండెపోటు, పక్షవాతం ఎక్కువగా కనిపించాయి. ఈ పరిశోధన ఇంకా సాగుతోంది. కాని కోలిన్ శరీరానికి అవసరమైన పోషకం కూడా. అమెరికా నిపుణులు 1998లో పెద్దవయసు పురుషులకు రోజుకు 550 మిల్లీగ్రాములు, స్త్రీలకు 425 మిల్లీగ్రాములు తగిన మోతాదుగా సూచించారు. చాక్లెట్‌లోనో బిస్కెట్‌లోనో సంకలితంగా చేరే లెసిథిన్ నుంచి అందే కోలిన్ ఆ లెక్కలో చాలా చిన్న భాగం. పై అధ్యయనాలు ఎవరినైనా ఆలోచింపజేయాలంటే అది గ్రాముల కొద్దీ లెసిథిన్ గుళికలు మింగేవారినే. ఆ గుళికల ప్రచారం గురించి కూడా ఒక మాట చెప్పాలి. మతిమరుపు వ్యాధికి లెసిథిన్ పనిచేస్తుందా అని జరిగిన వైద్య పరీక్షలన్నింటినీ కోక్రేన్ సంస్థ సమీక్షించి, మేలు చేస్తుందనడానికి ఆధారం లేదని తేల్చింది. వయసు మళ్లిన తల్లిదండ్రుల మతిమరుపుకు తల్లడిల్లుతున్న కుటుంబాల దగ్గర ఈ డబ్బాలను అమ్ముకోవడం నన్ను నిజంగా బాధిస్తోంది.

అసలు సమస్య ఎక్కడుందో ఇప్పుడు చెబుతాను. లెసిథిన్ ఎంత మంచిదైనా, అది దేని నుంచి వచ్చిందన్నది కొందరికి ప్రాణంతో, మరికొందరికి విశ్వాసంతో ముడిపడిన విషయం. సోయా లెసిథిన్‌లో సోయా ప్రోటీన్ జాడలు మిగిలే ఉంటాయి. ఆ మోతాదు శుద్ధిని బట్టి మారుతుంది. సోయా పడని వారిలో చాలామందికి ఆ జాడల వల్ల ఏమీ కాదు. కాని తీవ్రమైన అలర్జీ ఉన్న పిల్లవాడి తల్లి ‘చాలామంది’ అన్న మాటతో స్థిమితపడలేదు. గుడ్డు లెసిథిన్ విషయంలో గుడ్డు పడని పిల్లలకూ ఇదే వర్తిస్తుంది. గుడ్డు తినని శాకాహార కుటుంబాలకు అది నియమానికి సంబంధించిన ప్రశ్న.

మన చట్టం ఈ విషయంలో చాలా దూరం వచ్చింది. 2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనల ప్రకారం సోయా, గుడ్డు, పాలు, వేరుశనగ వంటి అలర్జీ కారకాలు ఉన్న పొట్లంపై ఆ సంగతి విడిగా రాయాలి. గుడ్డు నుంచి తీసినది ఏది చేరినా ఆ ఆహారానికి ఆకుపచ్చ చుక్క ఉండకూడదు. గోధుమ రంగు త్రికోణం ఉండాలి. 2021 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు మరో సంకలితం గురించిన కేసులో, పదార్థాలను కేవలం సంకేత సంఖ్యలతో చూపితే సరిపోదని, అవి మొక్కల నుంచి వచ్చాయా, జంతువుల నుంచి వచ్చాయా, ప్రయోగశాలలో తయారయ్యాయా అన్నది కూడా వెల్లడించాలని స్పష్టంగా చెప్పింది. అయినా నేటికీ ‘ఎమల్సిఫైయర్ 322’ అని మాత్రమే రాసి ఊరుకునే పొట్లాలు దుకాణాల్లో కనిపిస్తూనే ఉన్నాయి. ‘సోయా లెసిథిన్’ అని పూర్తిగా రాసిన కంపెనీలూ ఉన్నాయి. రాయడం సాధ్యమేనని వారు రుజువు చేస్తున్నారు.

పంది కొవ్వు పుకారు పుట్టడానికీ నిలదొక్కుకోవడానికీ కూడా ఈ అంకెల చీకటే కారణమని నా అభిప్రాయం. 471 అనే సంఖ్య గల మోనో, డై గ్లిజరైడ్‌లను మొక్కల నూనెల నుంచీ చేయవచ్చు, జంతువుల కొవ్వు నుంచీ చేయవచ్చు. అక్కడ మూలం ఏమిటని అడగడం సబబైన ప్రశ్న. జంతువుల నుంచి వచ్చినదైతే మన దేశంలో త్రికోణం గుర్తు తప్పదు. చాక్లెట్ల మీద కనిపించే 442, 476 కూడా లెసిథిన్ చేసే పనినే చేసే వేరే పదార్థాలు. ఇన్ని అంకెలను ఒకే గాటన కట్టేసిన సందేశాన్ని చదివిన మనిషిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. అతని చేతిలో ఉన్న పొట్లమే అతనికి జవాబు చెప్పడం లేదు.

జన్యుమార్పిడి సోయా గురించి అడిగేవారికి కూడా తెలుసుకునే హక్కు ఉంది. అమెరికా, బ్రెజిల్, అర్జెంటీనాల్లో పండే సోయాలో అత్యధిక భాగం జన్యుమార్పిడి రకాలే. మన దేశంలో వాటి సాగుకు అనుమతి లేదు. అందువల్లనే మధ్యప్రదేశ్, మహారాష్ట్రల సోయా నుంచి తయారైన లెసిథిన్‌కు విదేశాల్లో ప్రత్యేకమైన గిరాకీ ఉంది. తెలంగాణలో ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాల రైతులు వానాకాలంలో వేసే సోయాకు కూడా ఈ గుర్తింపు వర్తిస్తుంది. మూలాన్ని స్పష్టంగా రాయడం వల్ల నష్టపోయేవారి కంటే లాభపడేవారే మన దగ్గర ఎక్కువగా ఉన్నారు. గింజల నుంచి నూనె తీయడానికి వాడే హెక్సేన్ అనే ద్రావకం గురించిన సందేహం కూడా సమంజసమైనదే. శుద్ధి చేసిన నూనెల్లో అది పది లక్షల పాళ్లలో 5 పాళ్లు మించకూడదని మన నిబంధన. లెసిథిన్‌ను ఆరబెట్టేటప్పుడు అందులోదీ చాలావరకు ఆవిరైపోతుంది. ఆ పరీక్షలు క్రమం తప్పకుండా జరిగి, ఫలితాలు ప్రజలకు అందుబాటులో ఉంటే ఇటువంటి సందేహాలు పుకార్లుగా మారవు.

మనకు సంబంధించిన మరో లోటు భాషది. ప్రస్తుత నిబంధనల ప్రకారం పొట్లంపై వివరాలు ఇంగ్లీషులో గాని, దేవనాగరి లిపిలో హిందీలో గాని ఉంటే చాలు. తెలుగు అదనంగా రాయవచ్చునే తప్ప తప్పనిసరి కాదు. పేరును ఆకర్షణీయంగా తెలుగులో ముద్రించి, సోయా ఉందన్న హెచ్చరికను మాత్రం ఇంగ్లీషులో ఆవగింజంత అక్షరాలతో అంచున ముద్రించడం చాలా పొట్లాల మీద చూస్తాము. అంగన్‌వాడీ కార్యకర్త, బడిలో వండిపెట్టే అక్క, మనవడికి బిస్కెట్ కొనిచ్చే అమ్మమ్మ ఆ హెచ్చరికను చదవగలగాలి. వీధి చివరి బేకరీలో అద్దాల పెట్టెలోంచి తీసిచ్చే కేకుకైతే పొట్లమే ఉండదు. ‘గుడ్డు లేనిది’ అన్న చీటీ అక్కడ ఉంటుంది కాని, సోయా ఉన్నదీ లేనిదీ అమ్మే కుర్రవాడికే తెలియదు. పెద్ద గొలుసు హోటళ్లకు అలర్జీ వివరాలు చూపించాలన్న నిబంధన ఉన్నా, ఈ చిన్న దుకాణాలు దాని పరిధిలోకి రావు.

కాబట్టి భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థకు, రెండు తెలుగు రాష్ట్రాల ఆహార భద్రత కమిషనర్లకు నా విన్నపం ఇది. లెసిథిన్ వాడిన ప్రతి పొట్లంపై 322 అన్న సంఖ్య పక్కనే సోయా, పొద్దుతిరుగుడు, గుడ్డు వంటి మూలం పేరు ఉండేలా చూడాలి. తెలుగు రాష్ట్రాల్లో అమ్మే పొట్లాలపై కనీసం అలర్జీ హెచ్చరిక ఒక్క వాక్యమైనా తెలుగులో, కళ్లజోడు లేకుండా చదవగలిగే పరిమాణంలో ఉండాలి. బేకరీలు పిండి మిశ్రమాలు కొన్న సంచుల మీది వివరాలను కొట్టులో కనిపించేలా అంటించాలి. దీనికి కొత్త చట్టం అక్కరలేదు, తనిఖీకి వెళ్లే అధికారి అడిగితే చాలు. హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది; తవుడు నూనెలోని జిగురును ఎంజైమ్‌లతో తొలగించే పద్ధతిని రూపొందించిన భారతీయ రసాయన సాంకేతిక సంస్థ కూడా ఇక్కడే ఉంది. ఇంత విజ్ఞానం దగ్గర ఉండగా, ఒక్కొక్క సంకలితం గురించి రెండు పేరాల సరళమైన తెలుగు వివరణను ఆ సంస్థలతో రాయించి మీ పత్రిక వారానికొకటి చొప్పున ప్రచురించగలిగితే, 322తో మొదలుపెట్టి 471 దాకా రావడానికి ఎక్కువ కాలం పట్టదు. పరిశీలించగలరని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత ఆహార రసాయన శాస్త్ర అధ్యాపకుడు,
గుంటూరు